మలుపు కాడ సాయిశ్రీ

జమ్మలమడుగు రోడ్డు, ఊరి మలుపు. పొద్దున బడికి పోయే వేళ. నారాయణ తడిగుడ్డతో ఫ్లెక్సీ మీది కూతురి మొగం తుడుస్తున్నాడు. కూతురు పోయి ఆరు నెలలైంది. ఎదురింటి ఖదీజా చేతిసంచితో వచ్చి పక్కన నిలబడింది.

"ఇంగ చాల్లే నారాయణన్నా. యాడ దుమ్ముందని అంత రుద్దుతాండావు? రుద్ది రుద్ది రంగు పోతాంది."

"యాడుందా? ఇదో, చూడు గుడ్డ. రాత్రంతా సిమెంటు ఫ్యాక్టరీల బూడిద లారీలు తిరుగుతానే ఉంటాయి. తెల్లారేసరికి బిడ్డ ముక్కూ మొగం ఏకమైపోతాది."

"అదే నేనూ చెప్తాండేది. ఎండకు ఎండి, వానకు నాని, ఈ బూడిదంతా తిని, ఎన్నాళ్ళుంటాది చెప్పు? జడ కాడ చూడు, అప్పుడే తెల్లబడింది."

"తెల్లబడలా. అది ఎలుతురు."

"ఎలుతురు కాదన్నా, రంగు పోయింది."

"ఎలుతురంటే ఎలుతురే. నువ్వు ఈ పక్కకు జరిగి చూడు. ఒక నిమిషం ఉండు. ఒరే, ఆగండ్రా! ఆడ్నే ఆగండి! సైకిలు దిగు. దిగమంటాంటే! ఆ... ఆగు, ఆగు. ఆ లారీని పోనీ. ఆ, ఇప్పుడు పోండి. పరిగెత్తొద్దు, నడిచి పోండి. చెప్పు ఖదీజా, ఏమంటాంటివి?"

"తీసేసి ఇంటికి తెచ్చుకో అంటాండా."

"దేన్ని?"

"దీన్నే, ఫ్లెక్సీని. మడత పెట్టకుండా చాప మాదిరి చుట్టి అటక మీద పెట్టుకుంటే చెడిపోదు. పాప నీడన ఉంటాది."

"అటక మీదనా? నా బిడ్డనా?"

"పోనీ, గోడకు కొట్టుకో."

"మా ఇంట్లో ఇంత గోడ యాడుందమ్మా? నువ్వు చూడని ఇల్లా అది? దీన్ని కొట్టాలంటే తలుపూ కిటికీ రెండూ మూసెయ్యాల."

"మా ఇంటికి వీధి పక్క గోడ ఉండాది కదా. సున్నం కొట్టిస్తా, ఆడ పెట్టు. పొద్దున లేస్తానే వాకిట్లో నుంచి నువ్వూ చూడొచ్చు, నేనూ చూస్తా."

"మీ ఆయన ఒప్పుకుంటాడా, అజ్మతుల్లా?"

"ఆయన ఏమంటాడు? ఆయన ఫోటో కూడా ఉండాదిగా ఇందులో."

"ఉండాది, ఉండాది. కింద వరసలో, మా తమ్ముడు నరేష్ పక్కన. ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ అంగడి అప్ప అడిగినాడు, ఏందన్నా, ఖోఖోలో గెల్చింది ఒక బిడ్డ, కింద ఇన్ని తలకాయలెందుకు అని. అందరూ మా బిడ్డకు కావాల్సినోళ్ళే, ఒక్కర్ని ఇడిచిపెట్టినా నన్ను ఊర్లోకి రానియ్యరని చెప్పినా."

"మా ఆయన పెండ్లినాటి ఫోటో ఇచ్చినాడు. అప్పటికింకా మీసమే సరిగ్గా రాలా ఆయప్పకు."

"సాయిశ్రీ కూడా దానికే నవ్వింది. మామను చూడు నాయనా, మామకు మీసాల్లేవు అని. ఈ రోడ్డు మీద నిలబడి పొట్ట పట్టుకోని నవ్వింది..."

"అన్నా. ఏడవాకన్నా."

"ఏడవలా. బూడిద పడింది కంట్లో. ఆగండి! ఒమ్మీ, ఆ తెల్ల రిబ్బన్ల పాపా, ఆగు! ఎవరి బిడ్డ అది? ఎప్పుడూ చూడలేదే."

"పాపయ్య మనవరాలు. ఆరో తరగతి. ఇస్కూలు తెరిచినాక మొన్నే చేరింది."

"దాని చెయ్యి పట్టుకోండి ఎవరన్నా. గట్టిగా పట్టుకో. ఆ, పోండి. కొత్త బూట్లు కాలికి పెద్దవైనట్లుండాయి, ఈడ్చుకుంటా పోతాంది చూడు."

"అన్నా, నా మాట ఇను. పైన అభినందనలు అని అట్లనే ఉండాది. బాగలేదు."

"నరేష్ కాగితం అంటిచ్చినాడు కదా దాని మీద, శ్రద్ధాంజలి అని."

"అది మొన్నటి వానకు ఊడిపోయింది. మళ్ళీ అభినందనలే అయింది. బస్సులో పొయ్యేవాళ్ళు చూసి ఎవరో గెల్చిన పాప అనుకుంటారు."

"అనుకోనీ. గెల్చింది కదా! పులివెందుల సెలక్షన్లలో ఎంతమంది పిల్లోళ్ళు వచ్చినారు, వాళ్ళందరిలో రాష్ట్రం టీముకు తీసుకునింది నా బిడ్డను. అనుకోనీ ఖదీజా. బస్సులో పొయ్యేవాళ్ళ కండ్లల్లోనన్నా అది బతికుండనీ."

"నువ్వట్ల మాట్లాడితే నేనేం చెప్పాల?"

"ఏం చెప్పొద్దు. చీపురు తెచ్చుంటే ఇట్లియ్యి, ఈ కింద చెత్త ఊడుస్తా."

"చీపురు లేదు."

"మరి ఆ సంచిలో ఏముండాది? బరువుగా ఉన్నెట్లుండాది."

"ఏం లేదు. సామాన్లు."

"పొద్దున్నే ఏం సామాన్లు?"

"ఏవో ఆడోళ్ళ సామాన్లు, నీకెందుకు? మొన్న రోడ్డోళ్ళు వచ్చినప్పుడే దీన్ని తీసుకోని పోయింటే ఇంత మాటే ఉండేది కాదు."

"వచ్చినారు. ఊర్లో ఫ్లెక్సీలన్నీ పీకి ట్రాక్టర్లో ఏసుకున్యారు. పుట్టినరోజులవీ, గృహప్రవేశాలవీ, నాయకులవీ, ఒక్కటి మిగల్లా. దీని కాడికి వచ్చి, ఎవరప్పా ఈ పాప అనిరి. చెప్తి. ఆ మేస్త్రీ చెప్పులిడిచి దండం పెట్టుకోని పోయినాడు. నువ్వు చెప్పు, సచ్చిపోయిన బిడ్డ మొగం మీద ఎవరు చెయ్యేస్తారు?"

"అదే కదా నా ఏడుపు."

"ఏమంటివి?"

"ఏమన్లా. రోడ్డు మీద బ్రేకర్లు ఏస్తామని కొలతలు తీసుకోని పోయినారు కదా, వాళ్ళన్నా వచ్చినారా అంటాండా."

"యాడ వస్తారు? సున్నంతో గీత గీసి పోయినారు. ఆ గీత కూడా లారీలు తొక్కి తొక్కి పోయింది. నేనొకటి అనుకుంటాండా ఖదీజా. మా చేనులో గట్టు మీద దోవ ఇచ్చేస్తా. పిల్లోళ్ళు ఊరెనక నుంచి చేనులోకి దిగి, కాలవ తూము కింద దూరి, ఇస్కూలు ఎనక గోడ కాడ తేల్తారు. రోడ్డే ఎక్కే పనిలేదు."

"తూములో నీళ్ళు వచ్చే కాలం ఇది. సైకిళ్ళు ఎట్ల పోతాయి దాంట్లో?"

"నీళ్ళు రానప్పుడన్నా పోవచ్చు కదా."

"చేను కోసుకుంటావు, తూము తవ్వుతావు, ఏమన్నా చేస్తావు. నేను చెప్పిన పని మాత్రం చెయ్యవు. సరే, నిన్న యాడికి పోయినావు? పొద్దున ఈడ కనపడలా."

"జమ్మలమడుగు. లారీ డ్రైవరు కేసు వాయిదా ఉన్నింది కదా. వాడూ వచ్చినాడు, నేనూ పోతి. జడ్జి లీవంట. మళ్ళీ వాయిదా ఇచ్చి పంపిరి. నిన్న ఎట్ల పోయినారు?"

"ఎవరు?"

"పిల్లోళ్ళు. పొద్దున నేను లేను కదా."

"పోయినారు."

"అందరూ?"

"అందరూ పోయినారు. నువ్వు లేకపోతే ఇస్కూలుకు పోరా ఏంది?"

"నా పక్క చూసి చెప్పు."

"చూసే చెప్తాండా."

"ఆ కరెంటు స్తంభం పక్క చూసి చెప్తాండావు. ఏమైంది ఖదీజా?"

"మా పిల్లోడు షాహుల్ పడినాడు."

"యాడ?"

"ఈడ్నే."

"ఈడంటే యాడ?"

"ఇప్పుడు నువ్వు నిలబడుకున్న తావులో."

"దెబ్బలు తగిల్నాయా?"

"మోకాలు చెక్కుకోనిపోయింది, మోచెయ్యి వాచింది. సైకిలు ముందర చక్రం వంగిపోయింది. లారీవాడు బ్రేకు కొట్టినాడు కాబట్టి సరిపోయింది. అల్లా సల్లగా చూసినాడు. వాడు పడినచోటికీ లారీ చక్రానికీ మధ్యన..."

"చెప్పాక."

"జానెడు."

"చెప్పాకంటి కదా!"

"నువ్వే కదా అడిగింది!"

"రాత్రే ఎందుకు చెప్పలా నాకు? బస్సు దిగి మీ వాకిట్లో నుంచే కదా నేను ఇంటికి పోయింది. నువ్వు గిన్నెలు కడుగుతా నన్ను చూస్తివి కూడా."

"కోర్టు నుంచి పీక్కోని పోయిన మొగంతో వస్తాండావు. ఆ మొగం చూసి ఎట్ల చెప్పేది?"

"వాడు చూసుకోవద్దా? ఎన్నిసార్లు చెప్పినా, మలుపు కాడ దిగి నడిపిచ్చుకోని పోండ్రా అని. ఇంటేనే కదా!"

"దిగే పోయినాడన్నా. దిగి, సైకిలు నడిపిచ్చుకోనే పోయినాడు. నువ్వు లేనిపొద్దుకు వాళ్ళకు వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్యారంట. ఒకడు ముందు వస్తాడు. ఈ అంచు కాడ నిలబడి తలకాయ బయటికి పెట్టి చూసి చెయ్యెత్తితే, అప్పుడు మిగతావాళ్ళు కదుల్తారు. నిన్న మావాడు ముందు. వాని ఎత్తు నువ్వెరుగుదువు కదా. సైకిలు పట్టుకోని తల బయటికి పెట్టాలంటే ముందర చక్రం రోడ్డు మీదికి పోయినాకనే కదా కండ్లు పొయ్యేది."

"తలకాయ పెట్టి చూసేది ఎందుకు? దూరం నుంచే చూసుకోవచ్చు కదా."

"ఎట్ల చూస్తారు?"

"ఎట్ల చూస్తారంటే?"

"కనపడితే కదా చూసేది!"

"ఏం కనపడదు?"

"ఏం లేదన్నా. నిన్న గాలికి దుమ్ము లేచి కండ్లల్లో పడింది పిల్లోళ్ళకు. అదీ సంగతి."

"నిన్న గాలి లేదు."

"జమ్మలమడుగులో లేదేమో. ఈడ ఉన్నింది."

"ఖదీజా, నువ్వు వచ్చినప్పటి నుంచి చూస్తాండా. రంగు పోతాందంటావు, నీడన ఉంటాదంటావు, మీ గోడకు సున్నం కొట్టిస్తానంటావు. ఇన్ని ఎందుకు? నీ బిడ్డ మొగం ఊరికి అడ్డమొచ్చింది నారాయణా అని ఒక్క మాట అనరాదా?"

"ఆ మాట నేను అన్లా! నా నోట్లో నుంచి రాలా ఆ మాట!"

"రాదు. ఎవరి నోట్లో నుంచీ రాదు. సర్పంచి అనడు, ఇస్కూలు సారు అనడు, నా తమ్ముడు అనడు. అందరూ వచ్చి దండేసి, కండ్లు తుడుచుకోని పోతారు. ఒక్కరన్నా ఆ మాట అంటారేమో అని ఆరు నెల్ల నుంచి ఈడ నిలబడి ఎదురు చూస్తాండా నేను!"

"అన్నా... ఏమంటాండావు నువ్వు?"

"ఉండు, లారీ వస్తాంది. ఒరే పిల్లోళ్ళూ, ఆగండి! ఏయ్ డ్రైవరూ! ఆపు! ఆపు బండిని!"

"ఏందప్పా, లారీ కింద పడాలనుందా? గుడ్డ ఊపుకుంటా రోడ్డు మధ్యలోకి వస్తావు!"

"ఇస్కూలు పిల్లోళ్ళు పోవాల. ఆపి గమ్మున కూర్చో. హారన్ కొట్టొద్దు, బెదురుతారు. పోండి నాయనా, పోండి. ఎనక చూడొద్దు. షాహుల్! ఒరే షాహుల్, కాలు ఎట్లుంది? ఆ... బాగుందంటాడు గానీ కుంటుతాండాడు ఖదీజా. సరే డ్రైవరూ, నువ్వు పో ఇంగ."

"అన్నా, ఆ గుడ్డ."

"ఏ గుడ్డ?"

"నీ చేతిలోది. ఎర్రది. మొగం తుడిచేదానికి ఇంత పొడుగు ఎర్రగుడ్డ ఎవరు తెస్తారన్నా? ఇన్నాళ్ళూ మా వాకిట్లో నుంచి చూస్తాంటి, పాపం, బిడ్డ మొగం తుడిచేదానికి పోతాండాడు అని. జొరమొచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకోని పోతివి. నాకు తట్టనే లేదు. నువ్వు తుడిచేదానికి రాలా."

"తుడుస్తా. లారీలు లేనప్పుడు తుడుస్తా."

"నీకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇంగ దాయాకన్నా. నీకు తెలుసు."

"మొదటి పొద్దే తెలుసు."

"యా అల్లా!"

"ఆపొద్దు జనమంతా డ్రైవరును కిందేసి కొడ్తాంటే, వాడు పాక్కుంటా వచ్చి నా కాళ్ళు పట్టుకున్యాడు. అన్నా, బోర్డు అడ్డమొచ్చింది, పాప కనపడలా, నా బిడ్డల మీద ఒట్టు, కనపడలా అని. నేను వాని నోటి మీద కొట్టినా. పండ్లు కదిలేట్లు కొట్టినా. మళ్ళీ వాడు ఆ మాట అనలా. పోలీసులకూ చెప్పలా, కోర్టులోనూ చెప్పలా. నిన్న కోర్టు ముందర నన్ను చూసి తలొంచుకున్యాడు. నేనూ తలొంచుకున్యా."

"వాడు అబద్ధం చెప్పుంటాడని అనుకోవచ్చు కదా నువ్వు."

"అనుకుందామనే చూసినా. అస్తికలు కలిపొచ్చిన మర్నాడు బిడ్డ సైకిలు తీసుకోని ఊర్లో నుంచి ఇటు వచ్చినా. అది ఎట్ల వచ్చిందో అట్లనే, దాని సీటు మీద కూర్చోని. రోడ్డు పక్క నుంచి చూస్తే బిడ్డ నవ్వుతాంటాది. ఊరి పక్క నుంచి ఏముండాది? ఫ్లెక్సీ ఎనకపక్క. తెల్లగుడ్డ. రోడ్డు లేదు, లారీ లేదు, ఏం లేదు. ఈ అంచు దాటేదాకా అంతా తెలుపే. నా బిడ్డ మొగమే నా బిడ్డకు రోడ్డు కనపడకుండా చేసింది ఖదీజా. నేనే చేతులారా కట్టినా దాన్ని."

"ఇంత తెలిసీ... తెలిసీ దీన్ని ఈడ్నే ఉంచినావా?"

"అందుకే నిలబడుకుంటాండా. పొద్దున, సాయంత్రం."

"నిన్న నిలబడుకున్యావా?"

"ఖదీజా..."

"నిన్న నిలబడుకున్యావా అని అడుగుతాండా! మళ్ళీ వాయిదా వస్తే? మళ్ళీ జొరమొస్తే? మీ సాయిశ్రీ కాడనే కదా నా కొడుకు సైకిలు నేర్చుకునింది. ఎనక సీటు పట్టుకోని ఊరంతా పరిగెత్తింది ఆ పాప, వాడు పడిపోతాడని. ఆ పాప పట్టుకున్న పిల్లోడు, ఆ పాప ఫ్లెక్సీ ఎనక నుంచి వచ్చి సచ్చిపోవాల్నా? నువ్వు లేనిపొద్దు నా బిడ్డ సావాల్నా?"

"కొట్టు. చెప్పు తీసుకోని కొట్టు. నీకు ఆ హక్కుండాది."

"నేను కొట్టేదానికి రాలా. తీయమని అడిగేదానికి వచ్చినా. ఎందుకు తీయవు? ఒక్క కారణం చెప్పు, పోతా."

"వనజ."

"వనజక్క ఏం చేసె?"

"ఈడ పెట్టమనింది బిడ్డ తల్లే."

"వనజక్కనా?"

"నేను ఇస్కూలు గోడకు కడతా అంటి. కాదు, మలుపు కాడ పెట్టు అనింది. బస్సులు ఈడ నిదానమవుతాయి, చాపాడు నుంచి మా అన్నదమ్ములు జమ్మలమడుగుకు పొయ్యేటప్పుడు చూడాల అనింది. ఆడపిల్లకు ఆటలేంది, చెడ్డీలేసుకోని నలుగుర్లో ఎగిరేదేంది అని వాళ్ళు ఒకసారి భోజనాల కాడ అందరి ముందర అనిరి. ఆమె ఆపొద్దు విస్తరాకు ముందర నుంచి లేచి వచ్చేసింది. ఆ మాట మర్చిపోలా. అందుకే బస్సుకు సరిగ్గా ఎదురుగా బిడ్డ మొగం ఉండాల అని, రోడ్డు అవతల నిలబడి, ఇంగ రవ్వ ఇటు తిప్పు, ఇంగ రవ్వ, ఇంగ రవ్వ అని ఆమె చెప్తాంటే, నేను కట్టినా."

"నాకు గుర్తుండాది. అక్క కొత్త చీర కట్టుకోని వచ్చింది ఆపొద్దు."

"వాళ్ళన్న చూసి ఫోన్ కూడా చేసినాడు. మీ పాప బస్టాండు అంత ఉండాదేమ్మా అని. ఆ ఫోన్ పెట్టేసి వనజ నవ్విన నవ్వు... మా పెండ్లయినప్పటి నుంచి అట్ల నవ్వంగా నేను చూడలా."

"అన్నా..."

"ఇప్పుడు నేను దీన్ని పీకితే, ఎందుకు పీకినావు అని అడుగుతాది. ఏం చెప్పాల? రంగు పోయిందని చెప్పనా, నువ్వు చెప్పినట్ల? నువ్వు చెప్తే నేనే నమ్మలా, వనజ నమ్ముతాదా? ఒక్క గడియలో కనిపెట్టేస్తాది. నేనే పెట్టమంటి, నేనే ఇటు తిప్పమంటి, నా బిడ్డను నేనే... ఆ మాట ఆమెకు తోచకూడదు ఖదీజా. దానికోసమే పొద్దున్నే మొగం తుడుస్తానని చెప్పి వచ్చేది. తెలిస్తే బతకదు. బిడ్డ పోయిందని ఏడుస్తాంది, ఏడ్వనీ. ఏడ్చేవాళ్ళు బతుకుతారు. ఇది తెలిస్తే మాత్రం వనజ బతకదు."

"ఆమె ఎప్పుడన్నా ఈడికి వచ్చిందా?"

"రాదు. సాయంత్రమైతే మిద్దెక్కి ఈ పక్కే చూస్తా కూర్చుంటాది. మిద్దె మీది నుంచి బిడ్డ మొగం కూడా కనపడదు, ఎనకపక్క తెలుపే కనపడేది. నేను ఈ పక్క రోడ్డు మీద ఏం చేస్తాండేదీ కనపడదు. ఇస్కూలు ఇడిచి ఆఖరి పిల్లోడు ఊర్లోకి వచ్చేదాకా దిగదు. బిడ్డ కూడా వస్తాదేమో అని చూస్తాందనుకుంటా. ఆ తెలుపు కూడా లేకుండా చేస్తే ఏమైపోతాదో."

"కూర్చో అన్నా."

"ఎందుకు?"

"ఆ రాయి మీద కూర్చో. పిల్లోళ్ళు అందరూ పోయినారు. బెల్లు కూడా కొట్టినారు, ఇన్యావు కదా."

"నిలబడుకోనే ఉంటా. చెప్పు."

"ఈ సంచిలో ఏముందని అడిగితివి."

"సామాన్లంటివి."

"ఇదో. తీసుకో."

"ఏంది ఇది? కటింగ్ ప్లేరు? ఇది నాది కదా! పిడికి ఎర్ర టేపు చుట్టింది నేనే. ఈ బైండింగ్ వైరంతా బిగిచ్చింది దీంతోనే. మా ఇంట్లో మోటరు సామాన్ల పెట్టెలో ఉంటాది ఇది. నీ కాడికి ఎట్లొచ్చె?"

"నువ్వు ఇటు రాంగానే తెచ్చి నా చేతిలో పెట్టింది. నిన్న షాహుల్ పడినాడని తెలిసినప్పటి నుంచి నిద్రపోలేదంట."

"ఎవరు తెచ్చింది?"

"దినాలైన పొద్దే మా షాహుల్‌ను పక్కన కూర్చోబెట్టుకోని అడిగింది అన్నా. ఆపొద్దు వాడు సాయిశ్రీ ఎనకనే కదా వస్తాండె. చిన్నపిల్లోడు, ఫ్లెక్సీ అడ్డమొచ్చిందని ఉన్నది ఉన్నట్లు చెప్పేసినాడు. అప్పుడే నా చేత ఒట్టేయిచ్చుకునింది, ఎవరికీ చెప్పొద్దని. ముఖ్యంగా నీకు."

"ఎవరు ఖదీజా? ఎవరు?"

"నా అంతట నేను రాలా ఈడికి. వనజక్క పంపిచ్చింది. 'రంగు పోతాందని చెప్పు, నీడన పెట్టుకోమని చెప్పు, ఏదో ఒకటి చెప్పి తీయిచ్చు. ఎందుకు తీయాల్నో మాత్రం చెప్పొద్దు. చేతులారా కట్టినాడు. తెలిస్తే ఆ మనిషి బతకడు' అనింది."